నరాల మాత్రలని మనం పిలిచే మందుల గురించి

నేను పని చేసే బెంగళూరు ఆసుపత్రిలో సాయంత్రం అయ్యేసరికి మందుల కౌంటర్ ముందు కన్నడం కంటే తెలుగే ఎక్కువగా వినిపిస్తుంది. తెల్లవారుజామున కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చినవారు డాక్టరును చూసి, రక్తపరీక్షలు చేయించుకుని, తిరుగు ప్రయాణానికి ముందు చివరగా ఆగేది మా దగ్గరే. డాక్టరు గదిలో కన్నడంలోనో ఇంగ్లీషులోనో విన్న మాటలను మరొక్కసారి తెలుగులో వింటే తప్ప వారికి మనసు కుదుటపడదు. క్లినికల్ ఫార్మసిస్టుగా 14 ఏళ్లుగా ఈ కౌంటర్ వెనుక నిలబడి నేను ఇచ్చిన మందుల కంటే చెప్పిన జవాబులే ఎక్కువేమో.

మూడు నెలల క్రితం ఒక తల్లి చీటీ తెచ్చింది. ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రి భోజనం తర్వాత ఒకటి, 30 రోజులకు. ఆమె కొడుకుకు ఇరవై రెండేళ్లుంటాయేమో. కాస్త దూరంలో స్తంభానికి ఆనుకుని, గోడ మీది టీవీని కాకుండా టీవీ పక్కనున్న ఖాళీ గోడను చూస్తున్నాడు. ఆమె మాత్రల షీటును అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మేడం, ఇవి నిద్రమాత్రలేనా? పిల్లోడు వీటికి అలవాటు పడిపోతాడేమోనని భయంగా ఉండాది. ఎన్ని దినాలు వాడాల?"

వెనుక టోకెన్లు పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఈ మూడు ప్రశ్నలకు సరైన జవాబు చెప్పడం కుదరదు. ఆ పూట చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో వచ్చే రోగుల ఆనవాళ్లు మార్చాను. మా మామయ్య విషయం మాత్రం జరిగింది జరిగినట్టే.

ముందు పేరు సంగతి. వైద్యులు యాంటీసైకోటిక్ అనే ఈ మందులకు తెలుగులో జనం నోట నలిగిన పేరు లేదు. ఇంట్లోవాళ్లు నరాల మాత్రలంటారు, పక్కింటివాళ్లు అడిగితే నిద్రమాత్రలంటారు, కోపం వచ్చిన రోజున పిచ్చి మాత్రలంటారు. వీటిలో ఎక్కువ చేటు చేసేది నిద్రమాత్రలన్న పేరే, ఎందుకంటే నిద్ర బాగానే పడుతోంది కదా, ఇక మాత్ర దేనికని నెల తిరగకముందే మానేయడానికి అదే దారి తీస్తుంది. నిద్ర కోసం వాడే అల్ప్రజోలాం వంటి మాత్రలకు ఒళ్లు అలవాటు పడుతుంది, మోతాదు పెంచుకోవాలనిపిస్తుంది. యాంటీసైకోటిక్ మాత్ర కోసం సాధారణంగా ఎవరూ అలా వెంపర్లాడరు. ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూసేవారే నాకు ఎక్కువగా కనిపించారు.

ఎదుట మనిషి లేకుండానే మాటలు వినిపించడం, ఇరుగుపొరుగు తనపై కుట్ర పన్నుతున్నారని కదల్చలేనంత గట్టిగా నమ్మడం, మాటకూ మాటకూ పొంతన తెగిపోవడం వంటి లక్షణాలను తగ్గించడానికి ఈ మందులు వాడతారు. స్కిజోఫ్రీనియాలోనే కాక, బైపోలార్ జబ్బులో ఉద్రేకం హద్దు దాటినప్పుడు, డిప్రెషన్ తీవ్రమై భ్రమలు తోడైనప్పుడు కూడా ఇస్తారు. మొదటి రాత్రి నిద్ర పడుతుంది, కొద్ది రోజుల్లో ఆందోళన తగ్గుతుంది, వినిపించే మాటల జోరు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇంకొక సంగతి కుటుంబాలకు ఎవరూ చెప్పరు. జబ్బులో మరో పార్శ్వం ఉంది: ఉత్సాహం లేకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, స్నానానికి కూడా లేవలేకపోవడం. దానిపై ఈ మందుల ప్రభావం అంతంతమాత్రమే. మాటలు వినిపించడం ఆగినా కొడుకు ఉద్యోగానికి ఎందుకు పోవడం లేదని మందును నిందించే తండ్రులు, సోమరితనమని కొడుకును నిందించే తండ్రులు ఇద్దరూ నాకు తెలుసు.

ఇక మామయ్య. అమ్మకు తమ్ముడు. 1986లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా, తన తలలోని ఆలోచనలను రేడియోలో వార్తలుగా చదువుతున్నారని నమ్మడం మొదలుపెట్టాడు. తాయెత్తులు, మొక్కులు, గాలి సోకిందని ఒకరు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందని మరొకరు, వీటితో రెండేళ్లు గడిచాక తాతయ్య డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. మొదట క్లోర్‌ప్రొమజీన్ మాత్రలు, మాత్రలు దిండు కింద దాచేస్తున్నాడని తెలిశాక నెలకోసారి తుంటికి ఫ్లూఫెనజీన్ సూది. ఆ మందును నువ్వుల నూనెలో కలిపి ఉంచుతారు. కండలో గూడు కట్టుకుని రోజుకింత చొప్పున రక్తంలోకి దిగుతుంది. రేడియో ఆగిపోయింది. మామయ్య మా ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకుని ముప్ఫై ఏళ్లకు పైగా నడిపాడు, లెక్కలో పైసా తేడా రానివ్వలేదు. ఈ మందుల చెడుగుణాల గురించి నేను ఎంత రాసినా ఆ కొట్టును మరచి రాయను.

కానీ ఆయన ముఖం మారిపోయింది. నవ్వొచ్చే మాటకు కళ్లు నవ్వేవి, చెంపలు కదిలేవి కావు. పప్పు తూచేటప్పుడు చేతి వణుకు తక్కెడకు పాకేది. దానికి విరుగుడుగా ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఇచ్చారు. వణుకు తగ్గింది, నోరు ఎండిపోయేది. ఆ తర్వాత కొన్నేళ్లకు నోరు దానంతట అదే ఆడడం మొదలైంది. పెదవులు ముడుచుకోవడం, నాలుక బయటికి వచ్చి లోపలికి పోవడం, దవడ అదేపనిగా నమలడం. వేసవి సెలవుల్లో మేం పిల్లలం కొట్టు ముందు చేరి, "మామా, ఏం తింటా ఉండావు, మాకూ పెట్టు" అనేవాళ్లం. ఆయన ప్రతిసారీ నోరు తెరిచి, ఏమీ లేదని చూపించేవాడు. ఫార్మసీ రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం పాఠంలో టార్డివ్ డిస్కినీసియా అన్న పేరు, దాని కింద ఉన్న వర్ణన చదివినప్పుడు ఆ తెరిచిన నోరే కళ్లముందు నిలిచింది. మందును ఏళ్ల తరబడి వాడినవారిలో వచ్చే ఆ కదలికలను ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పట్టిచూడాలని అదే పాఠంలో ఉంది. మామయ్యకు నెలనెలా సూది వేసినవారెవరూ నాలుక చాపమని ఒక్కసారైనా అడగలేదు.

ఈ మందులు పుట్టిన తీరు విచిత్రమైనది. ఫ్రాన్సులో రోన్ పులెంక్ కంపెనీలో పాల్ షార్పాంటియే 1950 డిసెంబరులో క్లోర్‌ప్రొమజీన్‌ను తయారు చేసినప్పుడు మనోవ్యాధి ఎవరి ఆలోచనలోనూ లేదు. ఆంరీ లాబొరీ అనే నౌకాదళ సర్జన్ శస్త్రచికిత్సకు ముందు రోగిని నెమ్మదింపజేయడానికి దాన్ని వాడి, మనిషి స్పృహలోనే ఉంటాడు కానీ చుట్టూ జరిగేది తనకు పట్టనట్టు ఉంటాడని గమనించాడు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియెర్ డెనికేర్ దాన్ని మనోరోగులకు ఇచ్చి చూశారు. అంతవరకు రోగులను మంచానికి కట్టేసి ఉంచిన వార్డుల్లో మాటలు వినిపించడం మొదలైంది. ఈసారి బయటి మనుషుల మాటలు. 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ బృందం హాలోపెరిడాల్ తెచ్చింది.

మన వైపు కథ అంతకంటే ముందే మొదలైంది. 1931లోనే కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పని చేస్తోందని పత్రికలో రాశారు. ఆ వేరు నుంచి 1952లో వేరు చేసిన రిసర్పిన్‌ను కొంతకాలం ప్రపంచమంతా మనోవ్యాధికి వాడింది. రక్తపోటు పడిపోవడం, దిగులు కమ్ముకోవడం వల్ల తర్వాత వదిలేసింది. రిసర్పిన్ నాడీకణంలో డోపమిన్‌ను సంచుల్లో నింపే రవాణా యంత్రాన్ని ఆపుతుంది. ఇవాళ టార్డివ్ డిస్కినీసియాకు ఇస్తున్న టెట్రాబెనజీన్, అమెరికాలో 2017లో అనుమతి పొందిన వాల్‌బెనజీన్ పట్టుకునేదీ ఆ యంత్రాన్నే. మామయ్య నోటికి మందు ఆ వేరు చూపిన దారిలోనే దొరికిందంటే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. ఆయనకు టెట్రాబెనజీన్ మొదలుపెట్టించేసరికి అరవై దాటాయి. నమలడం సగానికి తగ్గింది.

డోపమిన్ అన్నాను కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. మెదడులో ఒక కణం మరొక కణానికి కబురు పంపడానికి వాడే రసాయనాల్లో అది ఒకటి. 1963లో అర్విద్ కార్ల్‌సన్ ఎలుకల మెదళ్లపై చేసిన పని, ఈ మందులు ఆ కబురు అందుకునే గ్రాహకాలకు అడ్డుపడుతున్నాయని సూచించింది. డోపమిన్‌పై చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. చిక్కంతా డోపమిన్ ఒకే చోట ఉండకపోవడంలో ఉంది. ఒక మార్గంలో అది ఏది ముఖ్యమో ఏది కాదో మనసుకు చెబుతుంది; అక్కడ ఎక్కువైతే దారిన పోయే స్కూటరు నంబరు కూడా తనకోసమే రాసినట్టు తోస్తుంది. ఇంకో మార్గంలో చేతులూ కాళ్లూ సాఫీగా కదలడానికి కావాలి. మరొక చోట ప్రొలాక్టిన్ అనే హార్మోనును అదుపులో పెడుతుంది. నోటి ద్వారా మింగిన మాత్రకు ఈ మార్గాల మధ్య తేడా తెలియదు, అన్నిటినీ ఒకేలా మూస్తుంది. మెదడు స్కానింగుల్లో తేలిన లెక్క ప్రకారం గ్రాహకాల్లో దాదాపు 65 శాతం మూసుకుంటే జబ్బు లక్షణాలు తగ్గడం మొదలవుతుంది, 80 శాతానికి చేరువయ్యేసరికి వణుకు, బిగువు వస్తాయి. పాత మందులతో వైద్యం నడిచింది ఆ సన్నటి గట్టు మీదే.

గట్టును వెడల్పు చేసిన మందు క్లోజపిన్. 1950ల చివర స్విట్జర్లాండులో తయారైంది. డోపమిన్ గ్రాహకాలను అంత గట్టిగా మూయకుండానే పని చేయడంతో, వణుకు రానిది యాంటీసైకోటిక్ ఎలా అవుతుందని అప్పటి నిపుణులే సందేహించారు. 1975లో ఫిన్లాండులో ఈ మందు వాడుతున్నవారిలో తెల్ల రక్తకణాలు అడుగంటి ఎనిమిదిమంది మరణించారు. చాలా దేశాల్లో దాన్ని పక్కన పెట్టేశారు. 1988లో జాన్ కేన్ బృందం, మూడు రకాల మందులు వాడినా ఫలితం లేని 268 మందిని తీసుకుని, కొందరికి క్లోజపిన్, కొందరికి క్లోర్‌ప్రొమజీన్ ఆరు వారాలు ఇచ్చింది. క్లోర్‌ప్రొమజీన్ వాడినవారిలో 4 శాతం మెరుగుపడితే క్లోజపిన్ వాడినవారిలో 30 శాతం మెరుగుపడ్డారు. మరుసటి ఏడాది, క్రమం తప్పని రక్తపరీక్షల షరతుతో అమెరికా దాన్ని అనుమతించింది. ఆత్మహత్య తలంపులు పదే పదే వచ్చే స్కిజోఫ్రీనియా రోగుల్లో ఆ ముప్పును తగ్గించే మందుగా 2002లో మరొక అనుమతి వచ్చింది.

రెండు మందులను సరైన మోతాదులో, సరైన కాలం వాడి చూసినా జబ్బు లొంగకపోతే మూడోది క్లోజపిన్ కావాలని అన్ని మార్గదర్శకాలూ చెబుతాయి. కౌంటర్‌లో నేను చూసేది వేరు. ఐదారు మందులు మారి, రెండు మూడు కలిపి వాడి, పదేళ్లు పోయాక క్లోజపిన్ చీటీ వస్తుంది. రక్తపరీక్ష అంటే కుటుంబం భయపడుతుంది. ఆ తతంగమంతా ఎందుకని డాక్టరు వెనకాడుతాడు. నా అభిప్రాయంలో ఈ జాప్యం ఆ మందు చేసే చెడు కంటే పెద్ద చెడు.

ఆ చీటీ వచ్చిన రోజున మాత్రం కౌంటర్ వదిలి బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని మాట్లాడతాను. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. జ్వరమో గొంతునొప్పో వస్తే డోలో వేసుకుని పడుకోకుండా అదే రోజు తెల్లకణాల లెక్క చూపించుకోవాలి. మొదటి వారాల్లో గుండెదడ, ఛాతీ నొప్పి వచ్చినా ఊరుకోకూడదు. రాత్రి నోట్లోంచి చొంగ కారి దిండు తడిసిపోతుంది. దిండు మీద తువ్వాలు పరచుకోమని చెబితే ఆ తల్లుల ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు వస్తుంది, ఇంత మామూలు సంగతి కూడా డాక్టర్లకు తెలుసునా అన్నట్టు. మలబద్ధకాన్ని తేలికగా తీసుకోకూడదు, ఈ మందుతో పేగు కదలిక ఆగి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. రెండు రోజులకు మించి మాత్ర తప్పితే మళ్లీ పాత మోతాదు వేసుకోకూడదు, డాక్టరుకు చెప్పి 12.5 నుంచి ఎక్కాలి.

ఇంకో మాట యువకులకు విడిగా చెబుతాను, తల్లి లేనప్పుడు. సిగరెట్ పొగ కాలేయంలోని ఒక ఎంజైమును పురికొల్పి క్లోజపిన్‌నూ ఒలాంజపిన్‌నూ త్వరగా ఖర్చు చేయిస్తుంది. రోజుకు పెట్టె కాల్చే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే, అదే మోతాదు రక్తంలో పేరుకుపోయి మత్తు, తూలు, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు. సిగరెట్ మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి. కాఫీది దీనికి తలకిందులు లెక్క: ఎక్కువ తాగితే క్లోజపిన్ పాళ్లు పెరుగుతాయి. గంటకో ఫిల్టర్ కాఫీ తాగే ఈ ఊళ్లో అది చిన్న సంగతి కాదు.

క్లోజపిన్ చూపిన దారిలో డోపమిన్‌తో పాటు మరో కబురు రసాయనమైన సెరొటోనిన్ గ్రాహకాలను కూడా పట్టుకునే మందులు వరుసగా వచ్చాయి: 1993లో రిస్పెరిడోన్, 1996లో ఒలాంజపిన్, 1997లో క్వెటియాపిన్. 2002లో వచ్చిన అరిపిప్రజోల్ తీరు వేరు, అది తలుపు పూర్తిగా మూయదు, ఓరగా వేసి ఉంచుతుంది. వీటన్నిటినీ రెండో తరం అన్నారు, చెడుగుణాలు లేని తరమని ప్రచారం చేశారు. పాత, కొత్త మందులను పోల్చి చూసి 2005లో వెలువడిన కేటీ (CATIE) అధ్యయనం ఆ సంబరాన్ని చల్లార్చింది. దాదాపు 1,500 మంది రోగుల్లో 74 శాతం మంది తమకిచ్చిన మందును 18 నెలలు పూర్తి కాకుండానే ఆపేశారు. కాస్త ఎక్కువ కాలం వాడింది ఒలాంజపిన్‌ను. ఎక్కువగా లావెక్కిందీ దానితోనే. పాత తరానికి చెందిన పెర్ఫెనజీన్ కొత్తవాటిలో చాలావాటికి దీటుగానే నిలిచింది.

ఆ 74 శాతాన్ని చూసినప్పుడల్లా నాకు జబ్బు మీది అవగాహన లేని మనుషులు కనిపించరు. మందు తమ ఒంటిని ఏం చేస్తోందో చెప్పుకోవడానికి మాట దొరకని మనుషులు కనిపిస్తారు. మారతహళ్లిలో గదిలో ఉండే ఒక ఇంజినీరు కుర్రవాడు అరిపిప్రజోల్ మొదలుపెట్టిన పదో రోజున కౌంటర్‌కు వచ్చాడు. బిల్లు వేసే మూడు నిమిషాల్లో ఒక్క క్షణం నిలబడలేదు. ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారుతూ, రెండడుగులు పోయి మళ్లీ వస్తూ, చెప్పుల చప్పుడు ఆగలేదు. రాత్రంతా గదిలో తిరుగుతున్నాడని, జబ్బు ముదిరిందని అన్న చెప్పి ఒక క్లినిక్‌కు తీసుకువెళ్తే అక్కడ మోతాదు రెట్టింపు చేశారు. ఆ చీటీయే నా చేతిలో ఉంది. "మనసుకు కుదురు లేదా, కాళ్లకా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "కాళ్లకండి. కాళ్లలో ఏదో పాకుతున్నట్టుంటుంది, కూర్చుంటే చచ్చిపోదామనిపిస్తుంది" అన్నాడు. దాని పేరు అకథీసియా. జబ్బు కాదు, మందు తెచ్చిన కుదురులేనితనం. మోతాదు తగ్గించినా, ప్రొప్రనొలాల్ జోడించినా చాలామందికి తగ్గుతుంది. నేను చేసిందల్లా ఆ మాత్రలు ఇవ్వకుండా అతన్ని మొదట చూసిన డాక్టరుకు ఫోన్ కలపడమే. వాళ్ల అన్న మాత్రం, "ఇలా అవుతుందని ముందే ఒక్క మాట చెప్పుంటే..." అని ఆగిపోయాడు.

ముందే చెబితే భయపడి మాత్ర ముట్టరని వాదించే డాక్టర్లున్నారు. వారి అనుభవాన్ని నేను కొట్టిపారేయను. కానీ చెప్పని సంగతి ఒంట్లో బయటపడిన రోజున రోగి మందుతో పాటు డాక్టరును కూడా నమ్మడం మానేస్తాడని నా లెక్క. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వాడే అమ్మాయికి నెలసరి తప్పవచ్చని చెప్పకపోతే ఆ ఇంట్లో ఏ అనుమానాలు పుడతాయో చెప్పనక్కరలేదు. అది మందు వల్ల పెరిగిన ప్రొలాక్టిన్ చేసే పని. లురాసిడోన్‌ను కడుపునిండా భోజనంతో వేసుకోవాలని చెప్పకపోతే, ఖాళీ కడుపున సుమారు సగం మందే ఒంటికి పడుతుంది, తర్వాత మందు పనిచేయలేదని మారుస్తారు. జ్వరం, ఒళ్లంతా కొయ్యలా బిగుసుకోవడం, చెమటలు, తికమక ఒకేసారి వస్తే రాత్రి ఎంతైనా అత్యవసర విభాగానికి పరుగెత్తాలని మాత్రం మందు ఏదైనా ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

ఒకటి రెండు చోట్ల ఈ మందుల వాడకం నాకు నచ్చదు. ఏ భ్రమలూ లేని మనిషికి కేవలం నిద్ర కోసం క్వెటియాపిన్ 25 రాయడం అందులో ఒకటి. ఆ మోతాదులో అది అలెర్జీ మాత్ర ఇచ్చే మత్తునే ఇస్తుంది, బరువు మాత్రం అదనం. రెండోది మతిమరుపు జబ్బున్న వృద్ధులు రాత్రిపూట కేకలు వేస్తున్నారని నెలల తరబడి రిస్పెరిడోన్ ఇవ్వడం. 17 అధ్యయనాలను పరిశీలించి అమెరికా ఔషధ సంస్థ 2005లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది: సుమారు పది వారాల్లో డమ్మీ మాత్ర వేసుకున్న వృద్ధుల్లో 2.6 శాతం మరణిస్తే ఈ మందులు వేసుకున్నవారిలో 4.5 శాతం మరణించారు. 2008లో పాత మందులకూ ఆ హెచ్చరిక వర్తింపజేసింది. తప్పనిసరైతే ఇవ్వాల్సిందే, కానీ తక్కువ మోతాదులో, తక్కువ రోజులు.

డోపమిన్ గ్రాహకాలను నేరుగా మూయకుండా పని చేసే జానొమెలిన్ జోడింపు మందు 2024లో అమెరికాలో అనుమతి పొందింది. దాని మీద ఆశ పెట్టుకోవచ్చు. మా కౌంటర్‌లో ఇంకా చూడలేదు.

ఆ తల్లి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ రోజు చీటీ వెనుక నేను రాసిచ్చింది ఒక్కటే. అబ్బాయిని మా తూకం యంత్రం మీద నిలబెట్టి, వచ్చిన 61 కిలోలు రాశాను. వారానికోసారి ఊళ్లో తూచి కింద రాయమన్నాను. నడుము కొలత, రక్తపోటు, పరగడుపున చక్కెర, కొవ్వు పరీక్షలు మందు మొదలుపెట్టేటప్పుడే చేయించి, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. మొదటి నెలలోనే 5 శాతానికి మించి బరువు పెరిగితే ముందుముందు ఇంకా పెరుగుతుందని గుర్తు. మన ఒళ్లు మరీ సున్నితం; మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే చాలు, చక్కెర జబ్బు పొంచి ఉన్నట్టు లెక్క.

నెల తర్వాత వాళ్లు వచ్చినప్పుడు చీటీ వెనుక అంకెలు వరుసగా ఉన్నాయి: 61, 62, 63 న్నర, 65. రాసింది అబ్బాయే. ఆమె మాత్రం సంతోషంగా ఉంది, "ఒళ్లు పట్టినాడు మేడం" అంది. మూడో పూట తిన్నాక కూడా ఆకలి ఆగడం లేదని, రాత్రి రెండింటికి లేచి గిన్నెలో మిగిలిన అన్నమంతా తింటున్నానని అబ్బాయి చెప్పాడు. మాటలు వినిపించడం బాగా తగ్గిందని కూడా అతనే చెప్పాడు. డాక్టరుకు ఫోన్ చేసి ఇద్దరినీ మళ్లీ పైకి పంపాను. మందు మార్చమంటావా అని డాక్టరు అబ్బాయినే అడిగారట; మాటలు తగ్గాయి కదా, ఇదే ఉండనీయండి అన్నాడట. బరువును అదుపు చేయడానికి మెట్‌ఫార్మిన్ జోడించి, నెల చూసి అరిపిప్రజోల్‌కు మారే సంగతి ఆలోచిద్దామని రాశారు.

కొత్త చీటీకి మందులు కడుతుంటే అతను నేరుగా నన్ను అడిగాడు. "మానేస్తే మళ్లీ వినిపిస్తాయా మేడం?"

మొదటిసారి జబ్బు పడినవారు బాగయ్యాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలని, ఆపాలనుకున్నప్పుడు డాక్టరు చేతిలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలని చెప్పాను. 65 అధ్యయనాలను కలిపి 2012లో వేసిన ఒక లెక్క ఉంది, అది కూడా చెప్పాను: మందు ఆపినవారిలో వందకు 64 మందికి ఏడాదిలోపు తిరగబెట్టింది, వాడుతున్నవారిలో 27 మందికి. ఊళ్లో రాత్రిపూట భయమేసినా, ఏదైనా తోచకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారని నంబరు రాసిచ్చాను.

"అంటే వాడినా గ్యారంటీ లేదు" అన్నాడు.

"లేదు" అన్నాను.

అతను షీటును వెలుతురుకు పెట్టి, వెండి కాగితం మీది పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఒ-లాం-జ-పిన్. కదిరి బస్సు ఏడున్నరకని తల్లి తొందరపెట్టింది. షీటును ఆమె సంచిలో వేయబోతే తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.